సాక్సు అల్లేటప్పుడు లెక్క తెలుగులోనే

ఏటా డిసెంబరు సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ కావేరి ఒడ్డుకు పోతాము. బెంగళూరు నుంచి సుమారు నూరు కిలోమీటర్లు, శివనసముద్రానికీ మేకెదాటుకీ నడుమ భీమేశ్వరి దగ్గర. రెండు రాత్రులు గుడారాల్లోనే పడక. ఈసారి బయలుదేరక ముందే ఇంట్లో వాదం లేచింది. పిల్లకాయలకు తెప్ప సవారీ, తాడు మీద జారడం అన్నీ వరసగా పెట్టాలని కొందరన్నారు. అవన్నీ ఒక పూటకు చాలు, మిగతా పొద్దంతా మద్దిచెట్ల నీడన కూర్చుని సాక్సులు అల్లుకుందామని మేమన్నాము.

"యాభై రూపాయలిస్తే అంగట్లో జత వస్తుంది కదప్పా, దీనికోసం నది దాకా పోవాల్నా?" అని చిన్నాయన నవ్వినాడు. మాట నిజమే. మంచి ఉన్ని నూరు గ్రాములుంటే గానీ జత కాదు, దాని ధరకే అంగడి సాక్సులు పది జతలు వస్తాయి. రెండు రోజుల్లో జత పూర్తి కాదు కూడా. అయినా మా మాట మీదే మేము నిలబడినాము. ఎందుకో చెబుతాము.

సాక్సుకు రెండు పక్కలా మొనలుండే సూదులు ఐదు కావాల. అరవై నాలుగు కుట్లు ఎక్కించి, నాలుగు సూదుల మీద పదహారేసి సర్ది, ఐదో సూదితో చుట్టూ అల్లుకుంటా పోవాల. అంటే పని మొదలయ్యేదే లెక్కతో. మా అవ్వ వడ్లు కొలిచినట్టే కుట్లూ లెక్కపెట్టేది. ఒకటి అనేది కాదు, "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టేది. అరవై నాలుగు దగ్గర ఆగి, "కళలన్నీ వచ్చేసినాయి" అని నవ్వేది.

ఈసారి నది ఒడ్డున మా మనవరాలి చేతికి సూదులిచ్చి, బయటికి లెక్కపెట్టమన్నాము. ఇరవై తొమ్మిది దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత ముప్పై అనకుండా "మూవత్తు" అనింది. నలభై దగ్గర "ఫార్టీ" అయిపోయింది. మాకు నవ్వూ వచ్చింది, గుండెలో కలుక్కుమనీ అనింది. కన్నడం మీద మాకు కోపం లేదు, మాకు కూడు పెట్టిన భాష అది. పిల్లకు బడిలో కన్నడం, ఇంగ్లీషు ఉన్నాయి. ఇంట్లో తెలుగు వినపడుతుంది గానీ, తెలుగులో నలభై దాకా లెక్కపెట్టే పని ఎక్కడుంది? వడ్లు కొలవం, చిల్లర ఎంచం, ఫోను నంబర్లు కూడా ఇంగ్లీషులోనే చెప్పుకుంటాము. పని లేని మాట నాలుక మీద నిలవదు. అది ఆ బిడ్డ తప్పు కాదు, మాదే.

మాటలు పోకూడదని సభలు పెట్టుకుంటాము, పిల్లల చేత పద్యాలు అప్పజెప్పిస్తాము. మంచిదే. కానీ అప్పజెప్పింది వేదిక దిగేలోగా మరుపుకొస్తుంది. చేతిలో పని ఉంటే మాట దానంతట అదే వస్తుంది. మడమ దగ్గర ముప్పై రెండు కుట్ల మీద ముందుకూ వెనక్కూ అల్లాల. ఒక్క కుట్టు జారితే మళ్ళీ మొదటినుంచి ఎంచాల. ఆ పూట ఆ పిల్ల ముప్పై అనే మాట ఎన్నిసార్లు అనిందో మేమే లెక్క మరిచిపోయినాము.

ఇంట్లోనే అల్లుకోవచ్చు కదా అంటారేమో. ఇంట్లో కుక్కర్ కూస్తుంది, గంట మోగుతుంది, ఒకరికి ఆఫీసు, ఒకరికి ట్యూషను. అక్కడ పొద్దు గూకితే ఏనుగులు నీళ్ళకు వస్తాయని నది వైపు ఎవరినీ పోనియ్యరు. ఇక లాంతరు చుట్టూ కూర్చోవాల్సిందే. చేతులకే పని, చెవులు ఖాళీ. మా తాత కోలారు నుంచి బెంగళూరు వచ్చిన కథ ఆ రాత్రే మా పిల్లలు మొదటిసారి పూర్తిగా విన్నారు. మధ్యలో చిన్నాయనే "ఉండప్పా, నేను చెప్తా" అని అందుకున్నాడు.

కాబట్టి మాలాగా ఊరు వదిలి తరాలైన ఇండ్లవాళ్ళకు మా మాట ఇది. సెలవుల్లో ప్రతి గంటకూ ఒక ఆట పెట్టద్దండి. కొంచెం నైలాను కలిసిన ఉన్ని తీసుకోండి, మడమ తొందరగా అరగదు. ఉండ ఇసకలో దొర్లకుండా చెంబులో వెయ్యండి. లెక్క మాత్రం బయటికి, తెలుగులో పెట్టించండి.

మా మనవరాలి సాక్సు ఒకటి మడమ దాటింది, రెండోది ఇంకా ఎక్కించలేదు. వచ్చే డిసెంబరుకు అయితే చాలు. నిన్న ఫోనులో, "అవ్వా, నలభై తొమ్మిది తర్వాత యాభయ్యే కదా?" అని అడిగింది.