రెండవది అనగా తక్కువది కాదు

మా టైంటేబులులో ఆంగ్లము ముందుండును. ఉర్దూ, తెలుగు ‘సెకండ్ లాంగ్వేజి’ అను పేరుతో దాని తరువాత వచ్చును. ఈ ‘సెకండ్’ అను మాటను చూచి మాలో పెక్కుమందిమి ఆ పాఠములను పరీక్షకు ముందునాటి రాత్రికి విడిచిపెట్టుచున్నాము. ఈ అలక్ష్యమునకు ఆ మాట కారణము కానేరదని మా అభిప్రాయము.

‘సెకండ్’ లాటిన్ పదమైన ‘సెకుండుస్’ నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లమున ప్రవేశించినది. ‘అనుసరించునది’ అని దాని మూలార్థము. అంతకు పూర్వము ఆంగ్లేయులు రెండవదానిని ‘అదర్’ అనెడివారు. మన ఉర్దూలోని ‘దూస్రా’కు నేటికిని రెండవది, వేరొకటి అను రెండర్థములును కలవు. గంటను అరువది భాగములు చేయగా మినిట్ వచ్చును. రెండవమారు అట్లే విభజింపగా వచ్చునది గనుక దానికి సెకండ్ అని పేరు. ఇందు వరుస కలదే గాని హీనత లేదు.

2017లో తెలంగాణమంతటను, 2022లో ఆంధ్రప్రదేశమునను ఉర్దూ రెండవ అధికార భాష యైనది. అందులకు సంతోషించిన మనమే తరగతిలో రెండవ భాషను చులకన చేయుట తగునా?

కళాశాల సంఘమువారు ఈ రెండు భాషలలోను వ్యాసరచన, వక్తృత్వ పోటీలను ఏటేట జరిపింపవలెననియు, విద్యార్థి మిత్రులు తొలినాటినుండియే ఆ పుస్తకములను తెరువవలెననియు మా మనవి.