రన్‌వేకి ముందే షరతులు రాసుకోవాలి

మంచిర్యాల, గోదావరిఖని, రామగుండంలో ఎన్నికలొస్తే విమానాశ్రయం మాట మళ్లీ పైకొస్తుంది. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ అవసరాలకు వేసిన పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1980లలో వాయుదూత్ విమానాలు దిగింది అక్కడే. ఇప్పుడు అంతర్గాం పేరు కూడా వినబడుతోంది. ‘విమానాశ్రయం వస్తే మన పిల్లలకు ఉద్యోగాలు’ అని అన్ని పార్టీల నాయకులూ చెబుతున్నారు.

విమానాశ్రయం వద్దని మేము అనడం లేదు. ఆ ఉద్యోగాలు ఎలాంటివి, వాటిలో మన వాడల పిల్లల స్థానం ఎక్కడ అని అడుగుతున్నాం. చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ప్రాంతీయ సంస్థల్లో పనివాళ్ల పరిస్థితి ఏమిటో తెలుసుకోకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

జీతమే చివరి బాకీ

తెలుగు నేల మీద పుట్టిన రెండు సంస్థల అనుభవం మన కళ్ల ముందే ఉంది. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో మొదలై, 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ 2015 జులైలో మొదలైంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ విమానాలు మొదలైన రోజున హైదరాబాద్ నుంచి కడపకు, నాందేడ్‌కు నడిపింది ఈ సంస్థే. 2022 ఫిబ్రవరిలో అది కూడా ఆగిపోయింది. రెండింటి చివరి రోజుల్లోనూ జీతాల బకాయిల వార్తలే వచ్చాయి.

దీన్ని దురదృష్టం అని వదిలేయలేం. ప్రాంతీయ సంస్థ దగ్గర నాలుగైదు విమానాలుంటాయి, అవి కూడా ఎక్కువగా అద్దెవే. ఒక విమానం మరమ్మతుకు వెళ్తే రోజు మొత్తం షెడ్యూలు చెదురుతుంది. టికెట్ ధర పెంచితే ప్రయాణికుడు రైలెక్కుతాడు. డబ్బు తగ్గినప్పుడు అద్దె కట్టకపోతే యజమాని విమానాన్ని పట్టుకుపోతాడు. బాకీ పెరిగితే చమురు కంపెనీ ఇంధనం ఆపుతుంది. విమానాశ్రయం ఫీజుల కోసం విమానాన్ని నిలిపేస్తుంది. పనిచేసిన మనిషి చేతిలో మాత్రం ఆపడానికి ఏమీ ఉండదు. అందుకే యాజమాన్యం మొదట ఆపేది జీతమే. ‘కష్టకాలం, మనమంతా ఒక కుటుంబం’ అనే మాట వినబడేది సరిగ్గా అప్పుడే. ఉద్యోగం పోతుందని అందరూ ఓర్చుకుంటారు. సంఘం లేదు కాబట్టి ఎవరికి వారే ఓర్చుకుంటారు.

పెద్ద సంస్థల్లోనూ అంతే. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయేనాటికి అందులో దాదాపు 20 వేల మంది ఉన్నారు. అయిదేళ్లకు పైగా కేసులు నడిచాక 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమని ఆదేశించింది. దివాలా చట్టం ప్రకారం అలా అమ్మినప్పుడు కార్మికులకు 24 నెలల బకాయిల వరకు బ్యాంకులతో సమానంగా వాటా ఉంటుంది. మిగతా ఉద్యోగులు ఆ తర్వాతి వరుసలో, 12 నెలల బకాయిలకే పరిమితం. కాగితం మీద హక్కు ఉన్నా అది చేతికొచ్చేసరికి పిల్లల చదువు ఆగిపోయి ఉంటుంది.

మూడు నెలలు జీతం లేకుండా ఎవరు నిలబడగలరు? సొంతిల్లు, పొలం, ఆదుకునే బంధువులు ఉన్నవాళ్లు నిలబడతారు. అప్పు చేసి ఏవియేషన్ కోర్సు చదివి, ఇంట్లో మొదటిసారి నెలజీతం తెస్తున్న మాదిగ, మాల పిల్ల నిలబడలేదు. జీతం ఆగడం అందరికీ ఒకేలా తగలదు. అందులో కులం ఉంది.

గదిలో జరిగిన అవమానం

ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థగా ఉన్నంతకాలం ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉండేది. 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లాక ఆ బాధ్యత పోయింది. పైలట్ శిక్షణకు లక్షల్లో ఖర్చవుతుంది కాబట్టి కాక్‌పిట్ తలుపు మనకు ముందే సగం మూసి ఉంది. మిగిలేవి సామాన్లు ఎత్తడం, శుభ్రం చేయడం, ట్రాలీలు నెట్టడం. అవి కూడా ఎక్కువగా ఏజెన్సీల కింద కాంట్రాక్టు పనులే.

ఆ తలుపు దాటి లోపలికి వెళ్తే ఏమవుతుంది? 2025 జూన్‌లో దేశంలోనే అతిపెద్ద విమాన సంస్థ ఇండిగోలో ఒక దళిత ట్రైనీ పైలట్, గురుగ్రామ్ ఆఫీసు సమావేశంలో అధికారులు తనను కులవృత్తి పేరుతో అవమానించారని ఫిర్యాదు చేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. ఆరోపణలు నిరాధారమని సంస్థ చెప్పింది. నిజానిజాలు న్యాయస్థానం తేలుస్తుంది. కానీ అలాంటి ఫిర్యాదుకు ఆఫీసులో చోటెక్కడ? లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. కుల వేధింపులకు ప్రైవేటు సంస్థల్లో అలాంటి చట్టబద్ధ కమిటీ లేదు. మిగిలిన దారి 1989 చట్టం. ఆ చట్టంలోని దూషణ సెక్షన్‌కు అవమానం ‘ప్రజల కంటపడే చోట’ జరగాలి. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య జరిగింది దానికిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మేనేజర్ క్యాబిన్ సరిగ్గా అలాంటి చోటు.

బాయి నేర్పిన పాఠం

మన ప్రాంతానికి పోల్చుకోవడానికి సింగరేణి ఉంది. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అందుకే రోస్టర్ ఉంది. 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలున్నాయి, జీతానికి ఒక తేదీ ఉంది. వీటిలో ఏదీ యాజమాన్యం దయతో రాలేదు. బాయిల్లో సమ్మెలు చేసి తెచ్చుకున్నవే.

అదే సింగరేణిలో కాంట్రాక్టు వ్యవస్థ ఏం చేసిందో కూడా మనకు తెలుసు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. వాళ్ల పక్కన దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులు. 2024లో లాభాల వాటా కింద పర్మినెంట్ కార్మికునికి సగటున లక్షా 90 వేలు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు. అదీ మొదటిసారి. శ్రీరాంపూర్, మందమర్రి వాడల్లో ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. రేపు విమానాశ్రయం గేటు దగ్గర మనకు దొరికేది రెండో అంకె.

ప్రజల డబ్బు, ప్రజల షరతు

‘ప్రైవేటు సంస్థకు మనమెలా షరతులు పెడతాం?’ అని అడుగుతారు. ఉడాన్ విమానాలు నడిచేది ప్రైవేటు డబ్బుతో మాత్రమే కాదు. నష్టం పూడ్చడానికి సంస్థకు మూడేళ్లు సబ్సిడీ ఇస్తారు. అందులో తెలంగాణ వంటి రాష్ట్రాల వాటా 20 శాతం. ఇంధనంపై వ్యాట్ ఒక శాతానికి తగ్గిస్తారు. కేంద్రం వాటా కోసం ఇతర విమానాల మీద లెవీ వేస్తారు.

లెవీ మనకు కొత్త కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ 1943లో ధన్‌బాద్ బొగ్గు గనులకు వెళ్లి చూశారు. 1944లో బొగ్గుపై సెస్సుతో గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. ఆనాడు బొగ్గు మీద వేసిన సెస్సు కార్మికుని నీళ్లకు, వైద్యానికి వెళ్లింది. ఈనాడు విమానం మీద వేసిన లెవీ విమాన కంపెనీకే వెళ్తోంది. ఆ డబ్బుతో పాటు పనివాడి హక్కు ఎందుకు వెళ్లకూడదు?

అందుకే భూసేకరణ నోటీసు రాకముందే ఈ డిమాండ్లు పెట్టాలి. సబ్సిడీ విడుదలకు ముందు గత నెల జీతాలు, పీఎఫ్ కట్టినట్టు రుజువు చూపాలి. ఏజెన్సీల కింద ఉన్నవాళ్లకు కూడా ఇది వర్తించాలి. సంస్థ మూతపడితే జీతాలకు పనికొచ్చేలా ముందే డిపాజిట్ తీసుకోవాలి. ఏ స్థాయిలో ఎంతమంది ఎస్సీ, ఎస్టీలున్నారో ఏటా ప్రకటించాలి. కుల వేధింపుల ఫిర్యాదుకు బయటి సభ్యులున్న కమిటీ ఉండాలి. భూమి పోయినవాళ్లకు ఏజెన్సీ పని కాకుండా నేరుగా ఉద్యోగం ఇవ్వాలి.

సభల్లో నాయకులు విమానం బొమ్మ చూపిస్తే విద్యార్థులు, సంఘాలు ఈ అయిదు డిమాండ్ల కాగితం చూపించాలి. సంతకం పెట్టమని అడగాలి. రన్‌వే పడ్డాక అడిగితే వినేవాళ్లుండరు.