పావురముల పుణ్యము

నగరవాసులు ప్రభాతమున సంచెడు జొన్నలు కూడలిలో కుమ్మరించి, పుణ్యము గడించితిమని ఇండ్లకు మరలుచున్నారు. దీనిని భూతదయ యనుటకు నాకు మనసొప్పదు. 2025 ఆగస్టులో ముంబయి నగరపాలక సంస్థ దాదరులోని కబూతర్ ఖానాను టార్పాలిన్లతో కప్పించగా, అహింసకే అపచారము జరిగెనని కొందరు ఆక్రోశించి ఆ కప్పులను లాగివైచిరి. ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తులకు చేయు కీడును వైద్యులు చెప్పుచునే యున్నారు. ఆ గాలి పీల్చు ఇరుగుపొరుగువారు ప్రాణులు కారా?

పోనిండు, పక్షులకైనను మేలు కలదా? పావురము కొండచరియల పక్షి. మన మేడలే దానికి చరియలైనవి. ఏడాది పొడవునను ఉచితాన్నము దొరకుటచే గుడ్లు పెట్టుటకు విరామమే లేదు. ఇక 2012లో ఢిల్లీ తన రాష్ట్రపక్షిగా ప్రకటించిన పిచ్చుక మాట. అది తాను గింజలు తినునే కాని, పిల్లలకు పురుగులను మేపును. పురుగులకు పొదలు కావలెను. మనమో పెరటికి సిమెంటు పరచి, మిగిలిన మొక్కలపై మందు చల్లి, మేడమీద గింజల పళ్లెము పెట్టుచున్నాము!

ఖీచన్ మాటయేమని నన్నడుగవచ్చును. రాజస్థానమునందలి ఆ గ్రామస్థులు, చలికాలమున మధ్యాసియానుండి వచ్చు ‘కుర్జా’ అను క్రౌంచములకు దశాబ్దములుగా గింజలు వేయుచున్నారు. నిజమే. కాని వారు చెరువులను కూడ నిలుపుకొనిరి. 2025లో రామ్సర్ జాబితాకెక్కినవి ఆ చెరువులును, వాని చుట్టునున్న పొదలును.

మన తెలుగువారు చూరునకు కట్టిన వరికుచ్చును మేపుడే. దాని నంటిపెట్టుకొని పిచ్చుక తినగలదు, బరువైన పావురము తినజాలదు. జొన్నలు కొను సొమ్ముతో పెరటిలో ఒక గోరింట కంచె వేయుడు. వేసవిలో మట్టిమూకుడున నీరుంచి, దినదినము కడుగుడు.