రొద లేని పాటకు బ్యాటరీ పెట్టె

మన వారి ఇండ్లలో పాత సామాను పోయినా పాత పాట పోలేదు. బరంపురములోనైనా, హోసూరులోనైనా, తాతగారు కొన్న ఘంటసాల వారి రికార్డో, అవ్వ పాడగా పట్టిన మంగళహారతి టేపో ఏ బీరువాలోనో దాగియుండును. బయట వేరు భాష వినుచు పెరిగే పిల్లల చెవిని ఇంటి తెలుగు పడవేయుటకు అవి ఎంతో సాయము. కాని పాట వెనుక ‘గుయ్’మని రొద వచ్చినచో పిల్లలు రెండు నిమిషములు కూర్చుండరు. ఆ రొదను తగ్గించు బ్యాటరీ పెట్టెను గురించి ఈ నెల వ్రాయుచున్నాము.

ఇంటి కరెంటు 230 వోల్టులు. సెకనుకు 50 ఆవృత్తులు. దానిని ఆంప్లిఫయరుకు తగినట్లు ఒకే దిశలో పారునట్లు మార్చునప్పుడు సరిగా వడకట్టకపోయిన, సెకనుకు 100 అలల రొద పాటలో కలియును. రికార్డు ముల్లు నుండి వచ్చునది వోల్టులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే. దానిని పెంచునప్పుడు రొదయు పెరుగును. బ్యాటరీలో ఈ అలలు లేవు. కరెంటు లేని పల్లెలలో ఒకప్పుడు రేడియోలు బ్యాటరీలతోనే పాడినవి గదా!

అయినను, ముందుగా పరీక్షింపక డబ్బు ఖర్చు చేయవద్దు. ఆంప్లిఫయరుకు వచ్చు పాట తీగను ఊడదీసి శబ్దము పెంచి చూడుడు. అప్పటికీ రొద ఉన్నచో తప్పు చాలవరకు కరెంటు సరఫరాలోనిది, బ్యాటరీ పనికివచ్చును. తీగ తగిలించినప్పుడే వచ్చినచో ఆ తీగనో, ఎర్తునో బాగుచేయించవలెను.

ఈ పెట్టె 12 వోల్టులతో నడుచు చిన్న ఆంప్లిఫయర్లకే. కావలసినవి: 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల మూతవేసిన సీసపు బ్యాటరీ, దానికి తగిన ఛార్జరు, 3 ఆంపియర్ల ఫ్యూజు, రెండు తీగలనూ ఒకేసారి అటునిటు మార్చు స్విచ్చి, మందపు రాగి తీగ. స్విచ్చి ఒక వైపున బ్యాటరీ ఛార్జరుకు, రెండవ వైపున ఆంప్లిఫయరుకు కలియవలెను. పాట మోగునప్పుడు ఛార్జరుతో పొత్తు ఉండరాదు. ఉన్నచో రొద మరల ఆ దారినే వచ్చును. రికార్డు తిప్పు మోటారు మాత్రము ఇంటి కరెంటుపైననే నడువవచ్చును.

అన్నిటికన్న ముఖ్యము ఫ్యూజు. ‘పన్నెండు వోల్టులేగదా, ఏమి చేయును?’ అని కొందరందురు. షాకు కొట్టదు, నిజమే. కాని రెండు కొనలు పొరపాటున తాకినచో ఈ చిన్న బ్యాటరీయే నూరు ఆంపియర్లకు మించి వదలును. తీగ ఎర్రగా కాలి, పక్కనున్న గుడ్డ అంటుకొనును. కావున ఫ్యూజును బ్యాటరీ ప్లస్సు కొనకు జానెడు దూరము లోపలనే, తక్కిన తీగలు కలుపకముందే పెట్టుడు. ప్లస్సు మైనస్సు తారుమారైన ఆంప్లిఫయరు చెడును. మీటరుతో చూచియే తగిలించుడు.

ఎంతసేపు పాడును? 12ను 7తో హెచ్చించిన 84 వాట్-అవర్లు. బ్యాటరీ మన్నిక కొరకు సగమే వాడుదము: 42. ఇంటిలో వినునంత శబ్దమునకు 6 వాట్లు పట్టునను లెక్కన ఏడు గంటలు వచ్చును. పాడుచుండగా 12 వోల్టులకు దిగినచో ఆపి ఛార్జికి పెట్టుడు. 13.8 వోల్టులకు మించని ఛార్జరుతో ఒక రాత్రి చాలును. గాలి ఆడు చోటనే ఛార్జి చేయుడు. దేవుని దీపము దగ్గర వద్దు. లిథియం బ్యాటరీ తేలిక, మన్నిక ఎక్కువ. కాని రక్షణ సర్క్యూటు, దానికి తగిన ఛార్జరు లేనిదే ముట్టవద్దు. పాతబడిన సీసపు బ్యాటరీని చెత్తలో వేయక దుకాణమునకే తిరిగి ఇయ్యవలెను.

పెట్టె సిద్ధమైన నాడు పెద్దల గొంతున్న టేపును ముందుగా వేసి, ఆ పూటే దానికొక నకలు తీయుడు. రొద లేకుండ నకలు తీయుటకు అంతకన్న మంచి సమయము లేదు. బ్యాటరీ పోయిన అంగడిలో మరొకటి దొరకును. ఆ టేపు తెగినచో మరొకటి దొరకదు.