గోడ కూలిన తరువాత

బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరి, పాచికలు వేసికొనుచు, తలా ఒక పాత్ర ధరించి కథ నడిపే ఆటలకు 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ దారి తీసినది. 1977లో వచ్చిన ‘ట్రావెలర్’ ఆ కథలను నక్షత్రాల నడుమకు కొనిపోయినది. ఈ భావికాలపు ఆటలలో ఉక్కుగోడలను కూల్చే సాధనాలకు కొదవ లేదు. మీట నొక్కగానే గోడ మాయమగును. నాయకుడు చొక్కా నలగకుండ లోనికి పోవును. ఇది నమ్మదగినదేనా?

రాబోవు కాలపు యంత్రాన్ని నేటి శాస్త్రం ముందు సాక్ష్యానికి నిలబెట్టడం న్యాయం కాదు. దాని హద్దులేవి, మూల్యమేది అని మాత్రం అడుగవలసినదే. అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రాన్ని ప్రయోగింపగలడు, ఉపసంహరింపలేడు. కథ ఉత్తర గర్భం దాకా పోయినది ఆ లోపం వలననే. లక్క యింటి ఘట్టంలోనైతే దివ్యాస్త్రమే లేదు. విదురుడు పంపిన ఖనకుడు నేల త్రవ్వవలసి వచ్చినది, పురోచనుని కంట పడకుండ బిలద్వారాన్ని కప్పి ఉంచవలసి వచ్చినది. పాండవులు బయటపడిరి. ఆ రాత్రి అక్కడ నిద్రించిన నిషాద స్త్రీయు, ఆమె ఐదుగురు కొడుకులును దగ్ధమైరి. కవి ఆ మాట దాచలేదు.

2022 ఆగస్టు 28న నోయిడా జంట భవనాలు కూలుటకు పట్టినది కొన్ని సెకన్లే. అందుకై స్తంభాలకు వేలాది రంధ్రాలు తొలిచి, సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థం కూర్చి, పరిసరాల వేలమందిని ఇళ్లు విడిపించవలసి వచ్చినది. శిథిలాలను ఎత్తిపోయుటకు మరల నెలలు పట్టినవి.

కూలినదాని బరువెంతో గుణదల కొండవాలున మెట్లుమెట్లుగా ఇళ్లు కట్టుకొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 31న చేరువలోని మొగల్రాజపురంలో వానకు కొండచరియ విరిగి ఇళ్లపై పడి ప్రాణాలు తీసినది. అక్కడ మీట ఎవరూ నొక్కలేదు. రాళ్ల క్రింద మనుషులకోసం వెదకుట మాత్రం తప్పలేదు.

పేలుడు బలాన్ని దశాంశాల దాకా లెక్కించే పట్టికలనే కొందరు వాస్తవికత అనుకొందురు. అది గుమాస్తా వాస్తవికత; ఆటను చంపును. గోడకు ఆవల ఎవరున్నారు, పై అంతస్తు దేనిపై నిలిచినది, దుమ్ము అణగుటకు ఎంతసేపు పట్టును – ఆట నడిపేవాడు ఈ మూడు అడిగిన చాలును.

తెలుగులో ఇట్టి ఆట వ్రాయదలచిన యువకులు గ్రహాంతరాలకే పోనక్కరలేదు. 2200 నాటి గుణదల కొండను రంగస్థలం చేసికొని, సొరంగం తొలిచే యంత్రాన్ని ఒక పాత్ర చేతికిచ్చి, పై వరుసలో ఎన్ని ఇళ్లున్నవో పటం మీద ముందే గీసి ఉంచవచ్చును.