ఫోన్ ఉంది సరే, సిగ్నల్ ఏదీ?

ప్రపంచంలో పదేళ్లు, ఆపైబడినవాళ్లలో 78 శాతం మందికి సొంత ఫోన్ ఉందని ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023లో లెక్క చెప్పింది. పనిచేసే సిమ్‌తో ఫోన్ ఉంటే చాలు, ఆ లెక్కలోకి వచ్చేస్తారు. సిగ్నల్ కోసం మీరెక్కే గుట్ట మాత్రం అందులో ఉండదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మన కూలి సంగతి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ ఉమ్మడి పనుల్లో హాజరంటే యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు. మేటు ఫోన్ మొరాయించి ఫొటో ఎక్కకపోతే, పొద్దంతా గునపం పట్టిన అమ్మకి ఆ రోజు మస్టర్ పడదు! (కొత్త ఫోన్ కొనుక్కోమని సలహాలిచ్చేవాళ్లూ ఉన్నారు.)

ఊరుకోకండి. అలాంటప్పుడు మినహాయింపు ఇచ్చే అధికారం జిల్లా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి ఉంది. పనికొచ్చినవాళ్ల పేర్లు, తేదీ రాసి, సంతకాలో వేలిముద్రలో పెట్టించి ఎంపీడీవోకి ఇవ్వండి. రసీదు చేతికి రాకుండా అక్కణ్ణుంచి కదలొద్దు.