సా ఎక్కడుంది?

మూడేళ్ళ కిందట దసరాకి మా జివతిలో హరిశ్చంద్ర కాటిసీను వేశాం. మాణిక్‌గఢ్ కొండల్లో తెలుగు నాటకమేమిటని అడక్కండి! 1956 దాకా మా రాజురా ప్రాంతం ఆదిలాబాదు జిల్లాలోదే. తెలుగు, మరాఠీ, గోండీ కలిసి వినిపించే చోటు మాది.

హరిశ్చంద్రుడు మా మేనల్లుడు. చదివింది మరాఠీ బడిలో కనుక జాషువాగారి పద్యాలతో సహా అన్నీ దేవనాగరిలో రాసుకుని, హార్మోనియం తాత నోట విని కంఠస్థం చేశాడు. తీరా నాటకం రోజున తాతకి జ్వరం! మరాఠీ భజనలకి వాయించే ఒకాయన్ని బతిమాలి కూర్చోబెట్టాం. ఆయన అడిగింది ఒక్కటే, “పట్టీ కోణతీ?” ఏ శ్రుతి అని. మావాడు బిక్కమొహం వేశాడు. ఆయన తన అలవాటు ప్రకారం కాళీ పాచ్, అంటే ఐదో నల్లమెట్టు పట్టుకున్నాడు. తారస్థాయికి వెళ్ళేసరికి వీడి గొంతు పగిలింది. శ్మశానంలో హరిశ్చంద్రుణ్ణి చూసి జనం నవ్వారు. వాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

“పద్యం రాక కాదత్తా, నా సా ఎక్కడుందో నాకే తెలీదు” అన్నాడు.

తాత లేచాక చెప్పాడు, వాడిది నాలుగో శ్రుతి అని. మరాఠీవాళ్ళ పాంఢరీ చార్ అదే, నాలుగో తెల్లమెట్టు. ఆ ఒక్క ముక్క తెలిసుంటే ఆ రోజు గట్టెక్కేవాడు.

చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకున్నాను కనుక సాయంత్రాలు వాణ్ణి కూర్చోబెట్టాను. మొదట సా, పా, పై సా నిలపడమే. తరువాత సరళీవరుసలు. అసలు పరీక్ష దాటువరుసల్లో! వరుసగా మెట్లెక్కడం ఎవరికైనా వస్తుంది. ‘స’ నుంచి ‘గ’కి, ‘గ’ నుంచి ‘ద’కి దూకాలంటే గొంతుకన్నా ముందు చెవికి ఆ చోటు తెలియాలి. రోజూ పలక మీద మోహనలో నాలుగు కొత్త స్వరాలు రాసేదాన్ని. పెట్టె ముట్టకుండా చూసి పాడాలి, ఆ తరువాతే మెట్టు నొక్కి సరిచూసుకోవాలి. పైన చుక్క తారస్థాయి, కింద చుక్క మంద్రం, కామా ఉంటే ఒక అక్షరకాలం సాగదీయడం. మన ‘రి’ వాళ్ళకి ‘రే’. శ్రుతి మారినా స్వరాల మధ్య దూరం మారదని తెలిశాక వాడి భయం పోయింది.

విని నేర్చిన పెద్దలు గొప్పగా పాడలేదా అంటారు. పాడారు. వాళ్ళు ఏళ్ళ తరబడి గురువు పక్కనే ఉన్నారు. మన పిల్లలకి ఏడాదికో నాటకం!

ఆనక వాడే తాత వరసలు నోటుబుక్కులో ఎక్కించడం మొదలుపెట్టాడు. పద్యానికి తాళం లేదు కనుక స్వరాల దారి, ఆగే చోట్లు మాత్రమే రాశాడు. 1904లో సుబ్బరామ దీక్షితులవారు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకి కూడా గుర్తులు పెట్టి తెలుగులో అచ్చువేయించారు. అంత విద్య మాకెక్కడిది? గమకం తాత నోటే వినేవాడు.

మొన్న దసరాకి మళ్ళీ అదే సీను, అదే భజనాయన. ఆయన అడగకముందే మావాడు “పాంఢరీ చార్” అన్నాడు. తాత ముందు వరసలో కూర్చుని విన్నాడు. కార్తీకంలో వెళ్ళిపోయాడు.

నోటుబుక్కులో పదకొండు పద్యాలున్నాయి. మిగతావి ఆయనతోనే పోయాయి. మీ ఊళ్ళో అలాంటి తాత ఉంటే, నోటుబుక్కు ఇవాళే కొనండి.